తులం బంగారానికి ఎన్ని మదర్‌బోర్డులు?

ఒమన్‌లోని సలాలాలో జూన్ మూడో వారం దాటిందంటే ఖరీఫ్ దిగుతుంది. అరేబియా సముద్రం మీంచి వచ్చే నైరుతి గాలి ధోఫార్ కొండల్ని తాకి, మూడు నెలలపాటు ఊరి మీద సన్నటి తుంపరగా రాలుతూనే ఉంటుంది. మస్కట్ మాడిపోతుంటే ఇక్కడ కొండలు పచ్చబడతాయి. గల్ఫ్ నలుమూలల నుంచీ జనం కార్లు వేసుకుని తడవడానికి వస్తారు. ఎలక్ట్రానిక్ వస్తువులకు మాత్రం ఆ మూడు నెలలూ గండమే. ఉప్పుగాలికి తేమ తోడైతే ఏసీ బోర్డయినా, టీవీ అయినా, ల్యాప్‌టాప్ అయినా లోపల్లోపల తినేస్తుంది.

అలా చెడిపోయిన బోర్డునొకదాన్ని వెలుతురులో తిప్పి చూస్తే ఏ లోహం గుణమేమిటో ఇట్టే బయటపడుతుంది. రాగి గీతల మీద పచ్చటి చిలుం. అతుకుల దగ్గర తెల్లటి పొడి. మరలకు తుప్పు. ర్యామ్ కార్డు అంచున వరసగా ఉన్న పసుప్పచ్చటి పళ్లు మాత్రం నిన్న కొన్నట్టే మెరుస్తుంటాయి. అది బంగారు పూత. నిజానికి కరెంటును మోయడంలో వెండీ రాగీ రెండూ బంగారం కంటే మెరుగే. కాకపోతే గాలి తగిలితే మసకబారతాయి. సెకనుకు కోట్లసార్లు సంకేతం దాటాల్సిన చోట ఆ పాటి మసక చాలు, మొత్తం యంత్రం మొరాయించడానికి. బంగారానికి ఆ బెడద లేదు. సలాలా తుంపరలో మూడు నెలలున్నా దానికి పట్టదు.

ఈ ఒక్క గుణం కోసమే ప్రపంచ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ 2024లో దాదాపు 270 టన్నుల బంగారం వాడిందని వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ లెక్క. వాడిన వస్తువులన్నీ ఏదో ఒకనాటికి తుక్కులోకే. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో పోగుపడిన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైక్లింగ్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే.

కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి ఒమన్ చేరిన తెలుగువాళ్లకు బంగారం లెక్కలు కొత్తగా నేర్పక్కర్లేదు. సెలవు దగ్గరపడిందంటే గదుల్లో నడిచే మాట ఒకటే: ఈసారి ఎన్ని గ్రాములు, ఏ రేటుకు? ఆ చెవులకు ‘పాత కంప్యూటర్‌లో బంగారం’ అన్న మాట తీయగా వినపడటంలో వింతేముంది! యూట్యూబ్ నిండా అవే వీడియోలు. గిన్నెడు పాత చిప్పులు, సీసాడు యాసిడ్, చివర్లో అరచేతిలో పసుప్పచ్చటి గుండు. పది నిమిషాల్లో కథ సుఖాంతం. ఆ గుండు వెనక ఎన్ని కిలోల తుక్కు పోశారో, మిగిలిన యాసిడ్ ఎక్కడ పారబోశారో వీడియోలో చూపించరు.

అసలు బంగారం ఎక్కడుంటుంది? పాతసామాను వ్యాపారుల్ని అడిగితే మొదట చెప్పే పేరు పెంటియమ్ ప్రో. 1995లో ఇంటెల్ తెచ్చిన ప్రాసెసర్ అది. అరచేతిలో పట్టేంత సెరామిక్ పలక, చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది. కింద 387 పిన్నులు, అన్నిటికీ బంగారు పూత. పలక లోపల సిలికాన్ ముక్క నుంచి బయటి పిన్నుల దాకా బంగారు తీగలు. ఒక్కో దాంట్లో గ్రాములో మూడోవంతు దాకా ఉంటుందని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ల అంచనా. ఇప్పుడవి తుక్కుకు దొరకడం మానేశాయి. పాతవస్తువులు సేకరించేవాళ్లే బంగారం ధర కంటే ఎక్కువిచ్చి కొనుక్కుంటున్నారు. ఆ తర్వాతి తరాల ప్రాసెసర్లలో సెరామిక్ పోయి ప్లాస్టిక్ బిళ్ల వచ్చింది, పిన్నుల చోట చదును చుక్కలు వచ్చాయి, పూత పలచబడింది.

ఎంత పలచగా? మామూలు బోర్డుల మీద బంగారు పూత మందం మైక్రానులో ఇరవయ్యో వంతు దాకా దిగుతుంది. అంటే చదరపు మీటరు మేర పూత గీకి తీసినా వచ్చేది సుమారు గ్రాము. చిప్పు లోపలి తీగ మందం 25 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే చాలా సన్నం. గ్రాము బంగారంతో అలాంటి తీగ వంద మీటర్ల పైచిలుకు తీయొచ్చు. తులంతో కిలోమీటరు దాటుతుంది. మన కంసాలి కమ్మచ్చులోంచి లాగే తీగ దీని పక్కన మోకే.

మదర్‌బోర్డుల లెక్క కావాలంటే స్విట్జర్లాండ్ వెళ్లాలి. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో రాఫేలే మెజెంగా బృందం 2024లో ఒక పని చేసింది. జున్ను తయారీలో మిగిలిపోయే విరుగుడు నీళ్లలోని ప్రోటీన్‌తో స్పాంజి తయారుచేసి, కరిగించిన బోర్డుల ద్రావణంలో ముంచింది. మిగతా లోహాల కంటే బంగారపు అయాన్లు ఆ స్పాంజికి ఎక్కువగా అంటుకున్నాయి. స్పాంజిని వేడిచేస్తే అవి రేకులయ్యాయి, రేకుల్ని కరిగిస్తే చిన్న ముద్ద. 20 మదర్‌బోర్డులకు 450 మిల్లీగ్రాములు. అందులో 91 శాతం బంగారం, మిగిలింది రాగి. అంటే నగలకు పనికొచ్చే 22 క్యారెట్లే. ఆ లెక్కన తులానికి దాదాపు 445 బోర్డులు. ఒక మోస్తరు ఆఫీసు కంప్యూటర్లన్నీ విప్పినా చాలవు.

ఇక యాసిడ్ సంగతి. బంగారం ఒంటరి యాసిడ్‌కు లొంగదు. నత్రికామ్లం పోస్తే రాగి, వెండి కరుగుతాయి, బంగారం అలాగే కూర్చుంటుంది. కంసాలి గీటురాయి మీద యాసిడ్ చుక్క వేసి చూసేది ఈ ధైర్యంతోనే. బంగారాన్ని కరిగించాలంటే మూడు పాళ్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నత్రికామ్లం కలిపిన ఆక్వా రీజియా కావాలి. పాత రసాయనశాస్త్ర పుస్తకాల్లో ద్రవరాజం అని చదువుకున్నది ఇదే. దీన్ని కనిపెట్టిన ఘనతను చాలామంది 8వ శతాబ్దపు రసవాది జాబిర్ ఇబ్న్ హయ్యాన్‌కు కట్టబెడతారు. ఆయన తండ్రి అజ్ద్ తెగవాడని సంప్రదాయం చెబుతుంది. ఒమన్‌లోని అనేక తెగలు తమ మూలాలు చెప్పుకునేదీ ఆ అజ్ద్‌లోనే. వినడానికి బాగుంది కానీ, ఆ ద్రావకం తయారీ స్పష్టంగా కనపడేది 1300 ప్రాంతంలో, జాబిర్ పేరు పెట్టుకుని ఐరోపాలో ఎవరో రాసిన లాటిన్ గ్రంథాల్లో. ఎవరు కనిపెట్టినా, చిప్పుల నుంచి బంగారం తీసే రసాయన రహస్యానికి ఏడు వందల ఏళ్ల వయసుందన్న మాట.

కరిగిన బంగారం ఎక్కడికీ పోదు కూడా. 1940లో నాజీ సేనలు కోపెన్‌హాగెన్‌లోకి వస్తున్నప్పుడు నీల్స్ బోర్ సంస్థలో పనిచేస్తున్న జార్జ్ డి హెవెషీ అనే శాస్త్రవేత్త, మాక్స్ వాన్ లావే, జేమ్స్ ఫ్రాంక్‌ల నోబెల్ పతకాలను ఆక్వా రీజియాలో కరిగించి సీసాను అలమారలో పెట్టాడు. యుద్ధం అయ్యాక వచ్చి చూస్తే సీసా అక్కడే ఉంది. అందులోంచి బంగారం వేరుచేసి పంపితే నోబెల్ సంస్థ మళ్లీ పతకాలు పోసిచ్చింది.

చిప్పుల దగ్గరా జరిగేది అదే. ద్రావణం లేత పసుపు రంగులో ఉంటుంది. అందులో రాగి కలిసి ఉంటే ఆకుపచ్చగా మారుతుంది. దానికి సరైన లవణం కలిపితే అడుగున గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. తొలిసారి చూసినవాళ్లెవరూ దాన్ని బంగారం అనుకోరు. కాఫీ ఫిల్టర్‌లో మిగిలిన పొడిలా ఉంటుంది. కడిగి, ఆరబెట్టి, మూసలో వేసి, వెలిగారం చల్లి కరిగిస్తే అప్పుడొస్తుంది మెరుపు. ఈ ఆఖరి ఘట్టం కోఠి కంసాలికైనా సలాలా బంగారు దుకాణం వెనకున్న పనివాడికైనా చేయి తిరిగిన పనే.

ముందరి ఘట్టమే మనుషుల్ని తినేసేది. ఆక్వా రీజియాలో లోహం పడగానే లేచే ఎర్రటి పొగ నైట్రోజన్ డయాక్సైడ్. గదిలో పీల్చినప్పుడు దగ్గుతో సరిపెట్టి, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేర్చగల విషం. బోర్డుల అతుకుల్లో సీసం, ప్లాస్టిక్‌లో నిప్పంటకుండా కలిపే బ్రోమిన్ సమ్మేళనాలు. కాలిస్తే డయాక్సిన్లు. కొన్ని పాత సెరామిక్ భాగాల్లో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, పగలగొడితే ఆ దుమ్మూ ప్రమాదమే. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ ఊరు. అక్కడ ఇళ్లలో బోర్డులు కాల్చి, ఆ బూడిద కడిగి రాగి తీసే పని విపరీతంగా పెరిగి, రామ్‌గంగా నది ఒడ్డంతా నల్లటి బూడిద దిబ్బలయ్యాయి. జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది వ్యవహారం. చైనాలో గుయియు, ఘనాలో అగ్బోగ్బ్లోషీ, ఢిల్లీలో సీలంపూర్: అన్నిచోట్లా నడిచింది ఇదే కథ. తీసిన బంగారం ఊరు దాటిపోతుంది, సీసం మాత్రం ఊళ్లోనే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. ‘టన్ను ఖనిజంలో కంటే టన్ను సెల్‌ఫోన్లలో ఎక్కువ బంగారం’ అన్నది ప్రతి వ్యాసంలోనూ కనపడే వాక్యం. అది నిజమే. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి గనినే తీసుకోండి. తొలకరి పడగానే జనం వజ్రాల కోసం చేలల్లో తలవంచుకుని తిరిగే ప్రాంతమది. అక్కడి టన్ను రాతిలో బంగారం సగటున ఒకటిన్నర గ్రాములు. బ్యాటరీలు తీసేసిన టన్ను ఫోన్లలో 300 గ్రాముల దాకా ఉంటుందని అంచనాలున్నాయి. రెండు వందల రెట్లు!

కానీ ఆ టన్ను ఫోన్లు ఒకచోట పడి ఉండవు. జొన్నగిరి రాయి జొన్నగిరిలోనే ఉంటుంది. ఫోన్లు బీరువా సొరుగుల్లో, అటక మీద, పిల్లల బొమ్మల బుట్టలో ఉంటాయి. వాటిని పోగేయడానికి ఎంత శ్రమ పడుతుందో జపాన్ ప్రపంచానికి చూపించింది. టోక్యో ఒలింపిక్స్ పతకాలన్నీ పాత ఎలక్ట్రానిక్స్‌తోనే చేయాలని పట్టుబట్టి 2017 ఏప్రిల్ నుంచి 2019 మార్చి దాకా దేశమంతా సేకరించారు. మున్సిపాలిటీలు, పోస్టాఫీసులు, ఫోన్ దుకాణాలు అన్నీ కదిలాయి. పోగైనవి 78,985 టన్నుల చిన్న పరికరాలు, ఆపైన దుకాణాల ద్వారా 62 లక్షల సెల్‌ఫోన్లు. వచ్చిన బంగారం 32 కిలోలు, వెండి 3,500 కిలోలు, కంచు 2,200 కిలోలు.

భాగహారం చేసి చూస్తే టన్నుకు 0.4 గ్రాములు. జొన్నగిరి రాయి కంటే తక్కువ! ఇళ్లలోంచి వచ్చే తుక్కంటే ఫోన్లు ఒక్కటే కాదు. మిక్సీలు, కెమెరాలు, బొమ్మలు, చార్జర్లు అన్నీ వస్తాయి. ఏరి, విడదీసి, బోర్డుల్ని బోర్డుల దగ్గర, చిప్పుల్ని చిప్పుల దగ్గర పెట్టాకే ఆ రెండు వందల రెట్ల మాటకు అర్థం. ధోఫార్ కొండల వెనక చెట్ల బెరడు గీకి తీసిన లుబాన్ జిగురు కూడా అంతే: గోనెలో అంతా ఒకటే ధూపం, తెల్లటి హోజరి పలుకుల్ని వేరుగా ఏరాక సూక్‌లో దాని ధరే వేరు. చిప్పుల బంగారంలో కష్టమంతా సేకరణది, ఏరివేతది. యాసిడ్ వంతు చాలా తక్కువ.

ఆ ఏరివేత హైదరాబాద్‌లో రోజూ జరుగుతుంది, ఎవరూ దానికా పేరు పెట్టరంతే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో రిపేరు బల్లల మీద మిగిలిపోయిన బోర్డులు సంచుల్లోకి, సంచులు కిలోల లెక్కన తుక్కు వ్యాపారుల చేతుల్లోకి వెళ్తాయి. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన అన్న బావమరిదికిచ్చిన పాత ల్యాప్‌టాప్ కూడా నాలుగేళ్ల తర్వాత చేరే గూడు అదే. కస్టమ్స్ వారు పెద్దలకు మనిషికొక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోనిస్తారు. సలాలాలో కొన్న చిప్పు ఈ దారిన మన ఊరు చేరుతుంది. ఏ ఎగుమతి లెక్కలోనూ అది ఈ-వ్యర్థంగా కనపడదు.

అదే నగరం తూర్పు అంచున చెర్లపల్లిలో ఇంకో రకం పని నడుస్తోంది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద 1990లో ఏర్పడ్డ సీ-మెట్ సంస్థకు పుణె, త్రిశూర్‌లతో పాటు ఇక్కడా ప్రయోగశాల ఉంది. మొదట దాని పని అతి శుద్ధమైన లోహాలు తయారుచేయడం: గాలియం, జెర్మేనియం, హాఫ్నియం వంటివి. లోహాన్ని శుద్ధి చేయడంలో ఆరితేరిన చేతులు కనుక చెత్తలోంచి లోహం తీసే పని కూడా వాళ్లకే అప్పగించారు. బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతిని రూపొందించి, బెంగళూరు శివార్లలోని ఈ-పరిసర అనే సంస్థతో కలిసి రోజుకు టన్ను స్థాయిలో చేసి చూశారు. ఈ-పరిసర 2005 ప్రాంతంలోనే ప్రభుత్వ అనుమతితో ఈ-వ్యర్థాల పని మొదలుపెట్టిన సంస్థ. తెలంగాణ 2017లో ఈ-వ్యర్థాల విధానం తెచ్చింది, ఆ తర్వాత చెర్లపల్లి ప్రయోగశాల ఈ-వ్యర్థాల విషయంలో విశిష్ట కేంద్రంగా మారింది.

ఇలాంటి కేంద్రాల్లో బంగారం మొదట కాదు, చివర కనపడుతుంది. ముందు బోర్డును వేడిచేసి అతుకులు వదిలించి చిప్పుల్ని రాలుస్తారు. మిగిలిన పలకల్ని ముక్కలు చేసి, గాలి తగలని కొలిమిలో కాలుస్తారు. ప్లాస్టిక్ వాయువైపోతుంది, ఆ వాయువును కడిగి గానీ బయటికి వదలరు. మిగిలిన దాన్ని కరిగిస్తే రాగి ముద్ద. బంగారం, వెండి, పల్లాడియం ఆ రాగి వెంటే వెళ్తాయి. ఆ ముద్దను పలకగా పోసి విద్యుత్ తొట్టిలో వేలాడదీస్తే శుద్ధమైన రాగి అవతలి పలకకు చేరుతుంది, తొట్టి అడుగున నల్లటి బురద మిగులుతుంది. అసలు సరుకు ఆ బురదే. టన్ను బోర్డుల్లో రాగి 150 నుంచి 200 కిలోల దాకా ఉంటుంది కాబట్టి బంగారం పేరుతో నడిచే ఈ కర్మాగారాలు సగం రాగి కర్మాగారాలు. చాలాకాలం మన రీసైక్లర్లు విప్పిన బోర్డుల్ని ఓడకెక్కించి బెల్జియంలోని యుమికోర్ వంటి కొలుముల దగ్గరకు పంపేవారు. అంత దూరం పంపినా గిట్టుబాటయ్యేది.

రాగి అంటే ఒమన్‌కు కొత్తదేం కాదు. నాలుగు వేల ఏళ్ల నాటి మెసపటోమియా మట్టిపలకల మీద కనపడే మగన్ అనే రాగి దేశం ఒమన్ ప్రాంతమేనని చరిత్రకారులు చెబుతారు. సొహార్ వెనక కొండల్లో ఆనాటి కొలుముల చిట్టెపు రాశులు ఇంకా ఉన్నాయి. లసైల్‌లో ఆ పాత గనుల చోటే 1983లో ఒమన్ మైనింగ్ కంపెనీ మళ్లీ రాగి తవ్వింది. అయితే అదంతా ఉత్తరాన. సలాలా దక్షిణపు కొస. మధ్యలో వెయ్యి కిలోమీటర్ల ఎడారి రోడ్డు. రెండు సంచుల బోర్డుల కోసం ఆ దారిన లారీ కట్టే వ్యాపారి ఉండడు.

సలాలాకు ఉన్నది రేవు. 1998 నుంచి కంటైనర్ల ఓడలు ఆగే పెద్ద మజిలీ అది. తుక్కును నేరుగా ఓడకెక్కించొచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడే, వ్యర్థాలు దేశాల సరిహద్దు దాటడాన్ని నియంత్రించే బేసెల్ ఒప్పందం అడ్డొస్తుంది. 2025 జనవరి 1 నుంచి ప్రమాదకరమైనదైనా కాకపోయినా ఈ-వ్యర్థం ఏదైనా సరే, పంపే దేశం ముందుగా తెలియజేసి, దించుకునే దేశం ఒప్పుకుంటేనే సరిహద్దు దాటాలి. ఒమన్‌లో ప్రమాదకర వ్యర్థాల నిల్వకూ రవాణాకూ లైసెన్సు ఉండాలన్న నిబంధన 1993 నుంచే ఉంది. దేశం మొత్తం వ్యర్థాల బాధ్యత ‘బీఆ’ అనే ప్రభుత్వ సంస్థది. ఎదురుగా సముద్రం అవతల ఉన్న మన దేశం పారవేత కోసం ఈ-వ్యర్థాల దిగుమతిని నిషేధించింది. చెర్లపల్లి పరిజ్ఞానం, సలాలా తుక్కు ఒకదానికొకటి కాగితాల మీద కలవడం అంత తేలిక కాదు. ఈ కాగితాల గొడవ అనవసరమనిపించేవాళ్లు అగ్బోగ్బ్లోషీ ఫొటోలు ఒకసారి చూడాలి.

మన దేశంలో డబ్బు దారి మాత్రం కొంత మారింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు 21గా ఉన్న వస్తువుల జాబితాను 106కు పెంచాయి. తయారీదారులు తాము అమ్మిన సరుకుకు తగ్గట్టు నమోదైన రీసైక్లర్ల నుంచి సర్టిఫికెట్లు కొనాలి. ఆ సర్టిఫికెట్లు లెక్కగట్టేది నాలుగు లోహాల మీద: ఇనుము, రాగి, అల్యూమినియం, బంగారం. పార్క్‌లేన్ సంచీ నమోదైన కర్మాగారానికి వెళ్లడమో, పెరట్లో యాసిడ్ డ్రమ్ములోకి వెళ్లడమో తేలేది ఆ రోజు ఎవరు కిలోకు ఎక్కువిస్తారన్న దాని మీదే. పెరటివాడికి పొగ కడిగే ఖర్చు లేదు కనుక నాలుగు రూపాయలు ఎక్కువే ఇవ్వగలడు. సర్టిఫికెట్ సొమ్ము ఆ తేడాను పూడ్చాలి.

ఈలోగా బ్రిటన్ నాణేల ముద్రణశాల రాయల్ మింట్ కూడా ఈ పనిలోకి దిగింది. వెయ్యేళ్లకు పైగా నాణేలు కొట్టిన సంస్థకు చిల్లర వాడేవాళ్లు తగ్గిపోయారు. 2024 ఆగస్టులో వేల్స్‌లోని లాంట్రిసాంట్‌లో ఏటా 4,000 టన్నుల బోర్డులు పట్టే కర్మాగారం తెరిచింది. కెనడాకు చెందిన ఎక్సిర్ సంస్థ ద్రావకంతో మామూలు గది వేడిలోనే, నిమిషాల్లో బంగారం వదులుతుంది. వచ్చిన బంగారంతో నగలు చేసి అమ్మడం మొదలుపెట్టారు.

ఇంత ఏర్పాటూ కుదిరే వేళకు సరుకే పలచబడుతోంది. 2008 తర్వాత బంగారం ధర ఎగబాకడంతో చిప్పుల తయారీదారులు లోపలి బంగారు తీగ తీసేసి రాగి తీగ పెట్టడం మొదలుపెట్టారు. ఆ చిప్పులున్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌లే ఇప్పుడు తుక్కుకు వస్తున్నాయి. చెర్లపల్లి కేంద్రం కూడా బోర్డుల దగ్గరే ఆగిపోలేదు. లిథియం అయాన్ బ్యాటరీల నుంచి లిథియం, కోబాల్ట్ తీసే పద్ధతిని 2022లో తొమ్మిది రీసైక్లింగ్ సంస్థలకు అందించింది. పాత హార్డ్ డిస్కుల అయస్కాంతాల్లోని నియోడిమియం మీదా పని నడుస్తోంది. సలాలా రిపేరు బల్ల మీద మాత్రం ఉబ్బిన బ్యాటరీని ఇప్పటికీ విడిగా ఓ డబ్బాలో పడేస్తారు, దానికి కిలోకింత అని ధర చెప్పే మనిషి ఇంకా రాలేదు.